నాన్న కిడ్నీలు పోవడానికి తాతయ్య పాపం కారణమా? జన్మపాపం, స్వస్థత గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కవిటి_పిల్ల
మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నాన్నకి నాలుగేళ్ల క్రితం రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. ఏడాదిన్నర నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. మంగళ, గురు, శని. ఆయనకి ఒంట్లో బాగోలేనప్పటి నుంచే అమ్మ ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టింది, తర్వాత బాప్తిస్మం తీసుకుంది. నేనూ తనతో వెళ్తుంటాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అమ్మ రాత్రిళ్లు కంటినిండా నిద్రపోతోందంటే ఆ ప్రార్థన వల్లే.

గొడవ పోయిన వారం మొదలైంది. బయట ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టాడు. రెండో రోజు నాన్నని ముందుకి పిలిచి "మీ తండ్రిగారు ఏ దేవతకి మొక్కేవారు?" అని అడిగాడు. తాతయ్య ఏటా గ్రామదేవతకి కోడిని కోసేవాడని నాన్న చెప్పాడు. అంతే. "అదిగో, ఆ పాపమే కిడ్నీల్లో కూర్చుంది, నాలుగు తరాలు వదలదు" అన్నాడు మైకులో. ఊరంతా విన్నారు. ప్రార్థించిన నీళ్ల సీసాలు మూడు ఇచ్చి రోజుకొకటి తాగమన్నాడు. డయాలసిస్ మిషన్ని నమ్ముకుంటే దేవుణ్ణి నమ్మనట్టే అని కూడా అన్నాడు. నాన్న నిన్న శనివారం డయాలసిస్‌కి వెళ్లలేదు.

నాకు తెలియాల్సినవి రెండే. ఆదాము నుంచి అందరికీ వచ్చిందనే జన్మపాపమూ, తాతయ్య కోడి పాపం నాన్నకి రావడమూ ఒకటేనా? విశ్వాసం ఉంటే వైద్యం మానెయ్యాలని బైబిల్లో ఎక్కడైనా ఉందా? అమ్మ విశ్వాసాన్ని ఎగతాళి చేసేవాళ్లు దయచేసి దూరంగా ఉండండి. ఆ పనికి మా పెదనాన్న ఉన్నాడు.

పలాస_జీడిపప్పు
డౌట్లు తర్వాత. ముందు నాన్నగారిని తీసుకెళ్లమ్మా. మా చిన్నాన్న "ఒక్కసారికి ఏటవుతాదిలే" అని డయాలసిస్ మానేసి పెళ్లికి వెళ్లాడు. పెళ్లి నుంచి తిన్నగా ఐసీయూకి.

మిషన్_పక్కన
నేను డయాలసిస్ టెక్నీషియన్ని. గురువారం నుంచి మంగళవారం అంటే ఐదు రోజుల గ్యాప్. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. మీరు మంగళవారం దాకా ఆగకండి. ఆ సీసాలు ఎంతవి? మూత్రం సరిగా రాని మనిషికి రోజు మొత్తానికి ఇచ్చే నీళ్లే దాదాపు లీటరు. ప్రార్థన చేసిన నీళ్లయినా కొలత కొలతే.

కవిటి_పిల్ల
లీటరు సీసాలే. రెండు అయిపోయాయి. మామూలు నీళ్లు, మజ్జిగ వేరే. కాళ్లు వాచాయి. ఆయాసం లేదంటున్నాడు గానీ రెండు దిళ్లు ఎత్తు పెట్టుకుని పడుకున్నాడు.

మిషన్_పక్కన
రెండు దిళ్లు కావాల్సొచ్చిందంటే ఆయాసం ఉన్నట్టే. ఇప్పుడే బయల్దేరండి. ఇక్కడ రాయడం ఆపండి.

పలాస_జీడిపప్పు
పిల్ల వెళ్లినట్టుంది. ఏ సంగతీ తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు. మీరు కానివ్వండి చర్చ.

చీపురుపల్లి_నాస్తికుడు
ఎగతాళి చెయ్యను, పెదనాన్నగారి పోస్టుకి పోటీ పడను. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఉద్దానం జబ్బుకి ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా తోటల్లో పని చెయ్యడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. ఎవరొచ్చినా సీసాల్లో నీళ్లు, గొట్టాల్లో రక్తం పట్టుకెళ్లారు. డాక్టర్లు "ఇంకా తెలీదు" అన్న చోట ఒకడు మైకు పట్టుకుని "నాకు తెలుసు" అంటే జనం అటే వెళ్తారు. వాళ్లని తప్పుపట్టలేను. మా ఇంట్లో అయినా అదే జరిగేది.

హరిపురం_విశ్వాసి
దైవజనుల మీద నోరు జారకండి. నిర్గమకాండము 20:5 చూడండి. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు కుమారుల మీదికి వస్తుందని దేవుడే చెప్పాడు, ఆ దైవజనుడు సొంతంగా కల్పించింది కాదు. మా అత్తకి గర్భసంచిలో గడ్డ ప్రార్థనతో కరిగింది, ముందూ వెనకా తీసిన స్కానింగ్ రిపోర్టులు రెండూ ఇంట్లో ఉన్నాయి. మీకు జరగలేదు కాబట్టి ఎవరికీ జరగదనకండి.

టెక్కలి_సండేస్కూల్
విశ్వాసి గారూ, ఆ వచనంలోనే "నన్ను ద్వేషించువారి" విషయంలో అని ఉంది. ఈ నాన్నగారు దేవుణ్ణి ద్వేషిస్తే కూటానికి వచ్చి అంతమందిలో ముందు నిలబడతారా? దాని కింద వచనం కూడా చదవండి, అక్కడ కరుణ వెయ్యి తరాల వరకు. నాలుగు తరాల లెక్క నోటికి వచ్చినవాళ్లకి వెయ్యి తరాల లెక్క ఎప్పుడూ గుర్తురాదు, అదేమిటో.

యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఈ సంగతే. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అనే సామెత ఇక మీరు పలకకూడదు అని దేవుడు చెప్పిస్తాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడు అని 20వ వచనంలో స్పష్టంగా ఉంది. ఇక యోహాను 9. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అచ్చం ఈ ప్రసంగీకుడు అడిగిందే. పాపం వీడిదా, వీడి కన్నవాళ్లదా? యేసు రెండూ కాదన్నాడు. తర్వాత ఉమ్మితో బురద చేసి కళ్లకి రాశాడు. కారణం వెతుకుతూ కూర్చోలేదు.

చీపురుపల్లి_నాస్తికుడు
ఈ టీచరు మా ఊళ్లో ఉంటే నేను సండే స్కూలుకి వెళ్లేవాణ్ణి.

టెక్కలి_సండేస్కూల్
వయసు పదమూడు దాటితే చేర్చుకోం.

కోటగుమ్మం_విజయనగరం
మేము హిందువులం, నాకు తెలియక అడుగుతున్నా. నాన్నకి షుగర్ వస్తే మా నానమ్మ పూర్వజన్మ పాపం అనేది. కనీసం అది నాన్న చేసుకున్నదే అనుకోవచ్చు. మీది ఆదాము చేసినది అందరికీ. ఇది అన్యాయంగా అనిపించదా? నాకు రెండూ నచ్చవనుకోండి.

సీతంపేట_మాస్టారు
ఏజెన్సీ బడిలో పని చేస్తాను. మా దగ్గర సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలు ఉంటారు. తల్లికీ తండ్రికీ పైకి ఏమీ ఉండదు, ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటుంది, బిడ్డకి రెండు వైపుల నుంచీ వస్తే జబ్బవుతుంది. ఆ బిడ్డ ఏం తప్పు చేశాడు? ఏమీ లేదు. కానీ నొప్పి మాత్రం వాడిదే. జన్మపాపం గురించి విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. నేరంగా కాకుండా జబ్బుగా చూస్తే కోటగుమ్మం గారి ప్రశ్నకి కొంత జవాబు దొరుకుతుంది. జబ్బుపడ్డవాడికి జడ్జి అక్కర్లేదు, వైద్యుడు కావాలి.

చీపురుపల్లి_నాస్తికుడు
పోలిక బాగుంది మాస్టారూ, కానీ కుంటుతోంది. తల్లిదండ్రులిద్దరిలో ఆ లక్షణం ఉన్నా ఒక్కో కాన్పుకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే. ఆదాముగారిది నూటికి నూరు.

సీతంపేట_మాస్టారు
అవును, అక్కడ తేలిపోయాను.

పాతసంఘం_పెద్ద
నేను రిటైరైన పాస్టర్ని, విజయనగరం వైపు. ఆ నాస్తికుడు గారన్న "నూటికి నూరు" లోనే అసలు జవాబుంది, ఆయన గమనించలేదు.

జన్మపాపం అన్న బోధ ఉన్నదే అందరూ ఒకే పడవలో ఉన్నారని చెప్పడానికి. రోమా 5:12 దీనికి మూలవాక్యం. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్న అగస్టీన్ (354–430) దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చదివిన లాటిన్ అనువాదంలో "అతనిలో అందరూ పాపం చేశారు" అన్నట్టు ఉంది. గ్రీకు మూలాన్ని ఎక్కువమంది పండితులు "అందరూ పాపం చేసినందున" అనే చదువుతారు, మన తెలుగు బైబిలూ అలాగే ఉంది. ఒక్క చిన్న మాట దగ్గర ఇంత తేడా. పెలాగియస్ అనేవాడు, ఆదాము మనకి చెడ్డ ఉదాహరణ మాత్రమే, ప్రతివాడూ కొత్తగా మొదలవుతాడు అన్నాడు. 418లో కార్తేజ్ సభ ఆ మాటని తోసిపుచ్చింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మధ్యలో ఉంటాయి. ఆదాము నుంచి మనకి వచ్చింది మరణం, బలహీనత, అంతేగాని ఆదాము నేరం మన లెక్కలో పడదు అంటారు వాళ్లు. లూథరన్లు 1530లో, కాథలిక్కులు 1546లో ట్రెంట్ సభలో ఎవరి మాట వాళ్లు రాసుకున్నారు.

ఇన్ని తగవులాడుకున్నవాళ్లలో ఎవరూ కూడా, ఫలానా ఇంటాయన కిడ్నీ పోవడానికి ఫలానా తాత కోడి కారణం అని ఈ బోధ నుంచి తేల్చలేదు. తేల్చలేరు. ఆదాము పాపం అందరిదీ అయినప్పుడు అది కవిటిలో ఒకాయన కిడ్నీని పట్టుకుని, అదే మైకు పట్టుకున్నవాడి కిడ్నీని ఎందుకు వదిలేసిందో చెప్పాలి కదా. అందరి బాకీని ఒక్క ఇంటి గుమ్మానికి మేకు కొట్టి తగిలించడం జన్మపాపం కాదు, పాత దిష్టి లెక్కకి బైబిలు అట్ట వేయడం.

రాజాం_తాడిచెట్టు
అయ్యగారూ, పోస్టు మధ్యలో రెండుసార్లు ఆమెన్ అన్నాను. కానుక ఎక్కడ వెయ్యాలి?

పాతసంఘం_పెద్ద
కానుక వద్దు నాయనా. నీ పేరు వెనక కథేమిటో చెప్పు.

రాజాం_తాడిచెట్టు
అడిగారు కాబట్టి చెప్తాను. తాడిచెట్టు పేరు ఊరికే పెట్టుకోలేదు. మా తాత కల్లు గీసేవాడు, తాగేవాడు. మా అయ్య గీయడం మానేసి తాగడం ఒక్కటే ఉంచుకున్నాడు. నేను కల్లు దాటి సారా, సారా దాటి బ్రాందీ. "తాగుడు మా రక్తంలోనే ఉంది" అని మా ఇంట్లో మగాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నా పెద్దకొడుకు ఆరేళ్లప్పుడు నా గ్లాసులో మిగిలింది ఎత్తి నోట్లో పోసుకున్నాడు, నాకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు అచ్చం మా అయ్యది. వంశపారంపర్యం అంటే నాకు ఆ రోజు అర్థమైంది, ఏ పాస్టరూ చెప్పక్కర్లేకపోయింది.

తొమ్మిదేళ్ల క్రితం ఒక ఉపవాస ప్రార్థనలో ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. క్షమించబడ్డావు అన్న మాట ఒకటి లోపలికి దిగింది. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. మా ఆవిడ మొదటి ఏడాది నమ్మలేదు, డబ్బులు బియ్యం డబ్బాలోనే దాచేది. మూడో ఏడాది డబ్బా మార్చకుండా చోటు నాకు చెప్పింది. నా దృష్టిలో నాకు దొరికిన స్వస్థత అదీ.

కానీ వినండి. లివర్ అప్పటికే పాడైంది, అది బాగవలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. సాయంత్రం ఆరైతే నాలుక ఇంకా లాగుతుంది. ప్రార్థనలో మనిషి మారాడు, లివర్ మారలేదు. విశ్వాసం తక్కువై లివర్ బాగవలేదని ఎవరైనా అంటే మాత్రం వాడితో గొడవపడతాను.

పలాస_జీడిపప్పు
బియ్యం డబ్బా దగ్గర ఆగిపోయాను అన్నా.

హరిపురం_విశ్వాసి
తాడిచెట్టు బ్రదర్ సాక్ష్యానికి దేవునికి స్తోత్రం. అయినా "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత" అని యెషయా 53లో ఉంది కదా. అది ఆత్మకే అనీ, శరీరానికి కాదనీ మీరు కోసేస్తే ఎలాగ?

టెక్కలి_సండేస్కూల్
కొయ్యడం లేదండీ. మత్తయి 8లో ఆ అధ్యాయాన్ని శరీర రోగాలకే వాడారు, మొదటి పేతురు 2:24లో పాపానికి వాడారు. రెండూ ఉన్నాయి. లూకాలో ఇంకో విచిత్రం ఉంది. ఏడో అధ్యాయంలో పాపాత్మురాలితో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు, ఎనిమిదిలో రక్తస్రావం ఉన్నామెతో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు. తెలుగులో రెండు మాటలు, గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. మొదటామెకి ఏ రోగమూ లేదు, బాగైంది మాత్రం నిజం. అందుకే స్వస్థత అంటే స్కానింగ్ రిపోర్టు ఒక్కటే అనుకోను.

పౌలు తన ఒంట్లో ముల్లు తియ్యమని మూడుసార్లు వేడుకుంటే దొరికిన జవాబు "నా కృప నీకు చాలును". తిమోతికి తరచూ కడుపు జబ్బు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు. పౌలుకి విశ్వాసం తక్కువా? ఒక ప్రశ్న అడుగుతాను, కోపగించుకోకండి. మీరు ఏ మాత్రా వేసుకోరా?

హరిపురం_విశ్వాసి
బీపీ మాత్ర వేసుకుంటాను. ప్రార్థన చేసి వేసుకుంటాను.

చీపురుపల్లి_నాస్తికుడు
నేను తిట్టుకుంటూ వేసుకుంటాను. బ్రాండు ఒకటే అయ్యుంటుంది.

హరిపురం_విశ్వాసి
డయాలసిస్ మానమని చెప్పడం తప్పే. అది నేను ఒప్పుకుంటున్నాను. ప్రార్థన మానమని మీరు అనకండి, అంతే.

ఆర్సీఎం_అల్లుడు
జన్మపాపం మా ఇంట్లో పెద్ద యుద్ధమే తెచ్చింది. నేను బాప్టిస్టుని, మా ఆవిడ ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. పాప పుట్టగానే అత్తగారు జ్ఞానస్నానం అన్నారు, జన్మపాపం పోవాలి కదా అని. మా అమ్మేమో, పసిదానికి పాపమేటి, పెద్దయ్యాక తనే నమ్మి నీళ్లలో మునగాలి అంటుంది. ఫాదర్ గారు ఓపిగ్గా చెప్పారు, కాథలిక్కు బోధలో కూడా అది బిడ్డ చేసిన పాపం కాదు, మనిషి పోగొట్టుకున్న పవిత్ర స్థితి లేకుండా పుట్టడం, అంతే అని. జ్ఞానస్నానం తర్వాత కూడా చెడు వైపు మొగ్గు మిగులుతుందట. మా పాప రెండేళ్లకే బిస్కెట్లు దాచుకోవడం చూస్తే ఆ మొగ్గు సంగతి నిజమే అనిపిస్తోంది.

కోటగుమ్మం_విజయనగరం
చివరికి ఎవరు గెలిచారు?

ఆర్సీఎం_అల్లుడు
అత్తగారు. ఎప్పుడూ అంతే.

పాతసంఘం_పెద్ద
పిల్ల వచ్చేలోపు ఇంకొక్క సంగతి. యోహాను 9 మాట వచ్చింది కాబట్టి. సోంపేట ఆరోగ్యవరం ఆస్పత్రిలో కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ గారు కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని ప్రేరణతోనే 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలైంది. శుక్లాలు కమ్మి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మీ తాత ఎవరికి మొక్కాడని అడిగి ఉంటే ఒక్క కన్నూ తెరుచుకునేది కాదు. ప్రార్థనా, కత్తీ ఒకే ఇంట్లో ఉన్న సంప్రదాయం మనది. అదీ మీ కవిటికి పక్కనే.

కవిటి_పిల్ల
వచ్చాను. మూడు రోజులైంది, అందరికీ సారీ. ఆ రాత్రే పక్కింటి ఆటోలో తీసుకెళ్లాం. దారిలోనే ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ పెట్టారు, రాత్రే ఒకసారి, మర్నాడు ఒకసారి డయాలసిస్ చేశారు. రెండిట్లో కలిపి నాలుగు కిలోల పైన నీరు తీశారు. మిషన్_పక్కన గారూ, మీరు "రాయడం ఆపండి" అనకపోతే నేను ఇంకా టైపు చేస్తూ కూర్చునేదాన్ని.

మీ పోస్టులన్నీ అక్కడ కూర్చునే చదివాను. అమ్మకి యోహాను 9 చదివి వినిపించాను. ఏమీ అనలేదు. నిన్న నాన్న పక్క మంచం మీద ఒకాయన, చేతిలో సూది, గుండె మీద బైబిలు. ఆయన సోంపేట వైపు ఒక పల్లెలో పాస్టరట. అమ్మ కాసేపు చూసి నేరుగా అడిగేసింది, "అయ్యగారూ, మరి మీది ఏటి పాపమండీ?" అని. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన నవ్వాడు. "నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలమ్మా, లెక్కేసుకోడానికి బోలెడంత టైము. ఇంకా తేల్లేదు" అన్నాడు. తర్వాత నాన్న కోసం ప్రార్థన చేశాడు. నాన్న కూడా కళ్లు మూసుకున్నాడు. పాపం మాట అందులో ఎక్కడా రాలేదు, సూది నొప్పి తగ్గాలని మాత్రం ఉంది.

ఇంటికొచ్చాక నాన్న నాతో ఒక్కటే అన్నాడు. "మా అయ్య కోడిని కోసింది నాకు జొరం తగ్గాలనే మొక్కుకునమ్మా. దాన్ని పాపం అంటే ఎలగ?" దానికి నా దగ్గర జవాబు లేదు.

పలాస_జీడిపప్పు
దేవుడా. బతికారు, అది చాలు.

రాజాం_తాడిచెట్టు
నాన్నగారి మాట నేను మా సంఘంలో చెప్పుకోవచ్చా? పేరు చెప్పను.

కవిటి_పిల్ల
చెప్పుకోండి అన్నా.

మిషన్_పక్కన
మూడో సీసా ఏమైంది?

కవిటి_పిల్ల
అమ్మ పారబోయనివ్వలేదు. ఫ్రిజ్ మీద పెట్టింది. మాత్రలు వేసుకోడానికి అందులోంచే గుక్కెడు ఇస్తోంది.

మిషన్_పక్కన
గుక్కెడు అంటే?

కవిటి_పిల్ల
ముప్పై ఎంఎల్. దగ్గు మందు మూతతో కొలిచి పోస్తోంది. కాగితం మీద రాసుకుంటోంది కూడా.

మిషన్_పక్కన
సరే అయితే. గురువారం బరువెంతో చూసి చెప్పండి.